గాలి పోని తిత్తి

తాటివాడలో ముత్యాలు ఇంట్లో ఉండేది ముగ్గురే. ముత్యాలు, అతని పెళ్ళాం పారమ్మ, పారమ్మ తమ్ముడు సోములు. తెలివి మాత్రం ముప్పై మందికి సరిపడా ఉందని వాళ్ళ నమ్మకం. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తారు మరి. ఊళ్ళో మిగతా వాళ్ళు విన్నమాటలో సగం వదిలేసి సగం చేస్తారని, ఊరు అందుకే బాగుపడటం లేదని ముత్యాలు అంటుండేవాడు. మిగతా ఇద్దరూ తలలూపేవారు.

ముత్యాలు పని వీధి భాగవతంలో తిత్తి ఊదడం. తిత్తంటే నిలువుగా ఒలిచిన మేకతోలుతో చేసిన సంచీ. దాన్ని చంకలో పెట్టుకుని, ఒక గొట్టంలోంచి గాలి ఊది, మోచేత్తో నొక్కితే రెండో గొట్టంలోంచి గుయ్యిమని ఒకటే శ్రుతి వస్తుంది. ఆ శ్రుతి పట్టుకునే కన్నయ్య గురువు పాడతాడు. ముత్యాలు తాత ఊదాడు, తండ్రి ఊదాడు, ఇప్పుడు ముత్యాలు ఊదుతున్నాడు. గురువు భుజం పక్కన నిలబడే ఆ మూరెడు చోటంటే అతనికి ప్రాణం.

అలాంటి తిత్తిని ఎలకలు కొరికేశాయి. కన్నయ్య చూసి, ఆదివారం జాతరలో ఆట ఉంది, ఆలోగా కొత్త తిత్తి తెస్తే సరే, లేకపోతే మీట నొక్కితే మోగే శ్రుతిపెట్టె కొనుక్కుంటాను, నువ్వు ఇంట్లో కూచో అన్నాడు. ముత్యాలు తిన్నగా ఇంటికెళ్ళి కూచున్నాడు. కూచోవాల్సింది ఆదివారం తర్వాత అని పారమ్మ చెప్పి లేపింది గాని, ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

తిత్తులు చెయ్యడంలో పేరున్నవాడు పోలయ్య తాత. చేతులు వణుకుతున్నాయి, నేను చెప్తాను మీరు చెయ్యండి అన్నాడు. ముందు తోలు సంగతి చెప్పాడు.

“తిత్తి గొంతంతా తోల్లోనే ఉంటాది. సూసి మంచిది తెచ్చుకోండి.”

అంతే. ముగ్గురూ సంతకెళ్ళి మేకల్ని ఒక్కొక్కదాన్నే అరిపించి విన్నారు. ఒకదానిది బొంగురు గొంతు. ఇంకోదానికి జలుబు. మరోటి మొదట బాగానే అందుకుని చివర్లో జారిపోయింది. సోములు మరీ దగ్గరగా వింటుంటే అతని చెవి కొస నమిలిందొకటి. చివరికి ఒక నల్లమేక తలెత్తి దీర్ఘం తీసింది. ముత్యాలు కళ్ళు చెమ్మగిల్లాయి. అచ్చం నాన్న ఊదిన శ్రుతే అన్నాడు. పళ్ళు చూసుకోమని అమ్మేవాడు అంటున్నా వినకుండా కొని తోలుకొచ్చాడు. తీరా పోలయ్య చూస్తే అది ముసలి మేక, ఒంటి నిండా ముళ్ళు గీరిన మచ్చలు. మేక అరిచేది తోలుతో కాదని తల పట్టుకుని, దాన్ని తన దొడ్లో కట్టేసి, తన దగ్గరున్న మెత్తటి మేకపోతు తోలు ఒకటి ఇచ్చాడు. ఆ పోతు ఎలా అరిచేదో అడగాలని ముత్యాలుకి ఉంది గాని, పెద్దాయన మొహం చూసి ఊరుకున్నాడు.

తర్వాత శ్రుతి పలికే గొట్టం. పచ్చి కర్ర పనికిరాదు, ఆరేకొద్దీ పగిలి శ్రుతి పాడవుతుంది, కర్ర ఎంత పాతదైతే గొంతు అంత నిండుగా వస్తుంది అన్నాడు పోలయ్య. ఇంట్లో అన్నిటికంటే పాత కర్ర ఏది? ముత్తాత నాటి నిట్టాడు, కప్పంతా మోసే నడిమి స్తంభం. ఇంకేముంది, సోములు రంపం పట్టుకొచ్చాడు. మొత్తం కోస్తే ఇల్లు కూలుతుందని ముత్యాలుకి తెలుసు, తెలివైనవాడు కదా. అందుకని అడుగున జానెడు మాత్రం కోశాడు. కప్పు గట్టిగా మూలిగి ఒక పక్కకి దిగిపోయింది. పారమ్మ బయటికి పరుగెత్తి చూసి, ఇకమీదట తాటాకు కప్పడానికి నిచ్చెన అక్కర్లేదని సంతోషించింది. ఆ రోజు నుంచి ముగ్గురూ ఇంట్లో వంగి నడుస్తున్నారు. గొట్టం మాత్రం భేషుగ్గా కుదిరింది. పోలయ్య కూడా కర్ర మంచిదన్నాడు, ఎక్కడిదని అడగలేదు.

ఆ గొట్టంలో పెట్టడానికి రెల్లుపుల్లతో నాలుక చెక్కాలి. గాలి తగిలి అదిరేది అదే. మందంగా ఉంటే పలకదు, పలచనయ్యేకొద్దీ తేలిగ్గా పలుకుతుంది అని చెప్పాడు తాత. వాళ్ళు పొద్దున కూచుని చెక్కడం మొదలుపెట్టారు. కాగితమంత అయింది. ఉల్లిపొరంత అయింది. ఇంకా పలచన చెయ్యొచ్చు అన్నాడు సోములు. ముత్యాలు ఊపిరి బిగపట్టి ఆఖరి పొర కూడా తీసేశాడు. అరచేతిలో ఏమీ లేదు. ఇంతకంటే పలచన లోకంలో ఉండదని ముగ్గురూ ఒప్పుకుని, ఆ లేనిదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పదిలంగా గొట్టంలో పెట్టారు. పోలయ్య గొట్టంలోకి ఒకసారి చూసి, వాళ్ళకేసి ఒకసారి చూసి, తన పాత డబ్బాలోంచి ఒక నాలుక తీసి బిగించాడు.

శనివారం నాడు పోలయ్య జాతరకి ముందుగా బయల్దేరుతూ, ఇంక అతుకులకి మైనం పెట్టడమే మిగిలింది, తిత్తిలోంచి రవ్వంత గాలి కూడా బయటికి పోకూడదు అని చెప్పి వెళ్ళాడు. అతుకులన్నిటికీ మైనం మెత్తారు. గాలి ఊది నీళ్ళ తొట్లో ముంచి చూశారు. ఊదే గొట్టంలో తోలుమూత ఉంటుంది, అటునుంచి గాలి పోదు. కాని రెండో గొట్టం మూతిలోంచి బుడబుడమని బుడగలొచ్చాయి. దొంగ దొరికాడు అన్నాడు సోములు. అంతే, నిమ్మకాయంత మైనం తెచ్చి అందులో కుక్కారు. మళ్ళీ ముంచితే ఒక్క బుడగ లేదు. ఒకసారి మోగించి చూద్దామా అంది పారమ్మ. మోగిస్తే గాలి పోతుంది కదే అన్నాడు ముత్యాలు. నిజమే అనుకుంది ఆవిడ.

ఆదివారం సాయంత్రం జాతరలో జనం కిక్కిరిసి కూచున్నారు. కన్నయ్య గొంతు సవరించుకుని ముత్యాలు వైపు చూశాడు. ముత్యాలు బుగ్గలు పూరించి ఊదాడు. తిత్తి గుమ్మడికాయలా ఉబ్బింది. మోచేత్తో నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకా నొక్కి, గర్వంగా గురువుకేసి తలూపాడు.

“శ్రుతేదిరా?” అని పళ్ళ బిగువున అడిగాడు కన్నయ్య.

“లోపలే ఉన్నాది గురువుగోరూ. రవ్వంత బయటికి పోనేదు.”

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు చివరి వరస దాకా పాకింది. కన్నయ్య సంచీలోంచి శ్రుతిపెట్టె తీశాడు. ముందే కొని తెచ్చుకున్నాడన్న మాట. దాన్ని చూడగానే ముత్యాలు తిత్తిని గుండెకి అదుముకున్నాడు. తాత నిలబడ్డ చోటు, నాన్న నిలబడ్డ చోటు, తన చేతుల్లోనే పోతోంది. చెప్పిందంతా చేశాను కదా, ఎక్కడ తప్పానో తెలియడం లేదే అని అతనికి ఏడుపొచ్చింది.

జనంలోంచి పోలయ్య లేచి వచ్చాడు. గొట్టం మూతిలోని మైనాన్ని పుల్లతో పెళ్ళగించి పడేశాడు. గుయ్యిమంది తిత్తి. మెత్తటి తోలు, నూరేళ్ళ కర్ర, రెల్లు నాలుక మూడూ కలిసి ఒకటే గొంతుతో పలికాయి. కన్నయ్య శ్రుతిపెట్టెని సంచీలో పడేసి, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. ఆట అయ్యేదాకా శ్రుతిపెట్టె మళ్ళీ సంచీలోంచి బయటికి రాలేదు.

ఆట ముగిశాక కన్నయ్య ముత్యాలు భుజం మీద చెయ్యేశాడు.

“మీ నాన్న నాడు కూడా ఇలాటి శ్రుతి ఇన్నేదురా. నీ సోటు నీదే. ఒచ్చే ఆదివారం ఇంకో ఆటున్నాది. నాకు ఇదే శ్రుతి కావాల.”

ముత్యాలు పసిపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏడుస్తూనే గొట్టం మూతిని బొటనవేలితో నొక్కిపెట్టాడు.

సోమవారం పొద్దున పోలయ్య అటుగా వెళ్తూ వంగి ఇంట్లోకి చూశాడు. చీరతో కట్టిన ఉయ్యాల్లో తిత్తి సగం ఉబ్బి పడుకుని ఉంది. గొట్టం మూతికి గుడ్డ బిగించి కట్టి ఉంది. పారమ్మ దానికి విసనకర్రతో విసురుతోంది. ఇదేమిటని అడిగితే, నిన్నటి శ్రుతి అన్నాడు ముత్యాలు గుసగుసగా. ఆదివారం మళ్ళీ ఊదుకోవచ్చు కదా అన్నాడు పోలయ్య. ముత్యాలు జాలిగా చూశాడు. పెద్దాయనకి వయసు మీద పడింది పాపం.

“మళ్ళీ ఊదితే అది ఏరే గాలి కదా తాతా. గురువుగోరు అడిగింది ఇదే. సగమే మిగిలినాది, అందుకే ఆదివారం సగం పాటే పాడమని సెప్పడానికి సోముల్ని పంపినాను.”