జానెడు నలుపు

“బుద్ధి లేదటయ్యా నీకు? ఇంత చదువూ చదివి, మూడు పేటలకీ ఒకే కొలత చక్రం గీస్తావా?”

ఆశ్రమం గోడ మీది పటాన్ని చూసి బోధానందస్వామి తన శిష్యుడు సుందరేశాన్ని అలా కసిరారు. వరదలో మునిగిన మూడు పేటల్లో ఎందరికి గూడు పోయిందో చూపించడానికి అతను మూడు చక్రాలు గీసి, గూడు పోయినవారి వాటాకు నల్లరంగు పూశాడు. ఉన్న కాసిని బియ్యం, గుడ్డలు ఏ పేటకు ముందు పంపాలో ఆ పటం చూసే తేల్చాలి.

“వాటాలు తూచినట్టు వేశాను స్వామీ. ఇందులో అబద్ధం ఎక్కడుంది?” అన్నాడు సుందరేశం, నొచ్చుకుని.

స్వామి వాదించలేదు. ఎదురుగా కూచోబెట్టుకుని ఇది చెప్పారు.

గుబ్బల వీరరాఘవులు చినలంకకు ఊరిపెద్ద. ఒక ఏడు వరద తీశాక లంకలన్నిటా విషజ్వరం పట్టుకుంది. పడవలో వచ్చిన డాక్టరు దగ్గర ఉన్నది ఒక్కటే మందులపెట్టె. ఆయన ఉండగలిగింది ఒక్క లంకలోనే. “జబ్బు ఎక్కడ జాస్తిగా ఉందో చూపించవయ్యా” అన్నాడాయన. రాఘవులు కళ్ళంలో గంప బోర్లించి, దాని అంచు వెంట ముగ్గుపిండి పోసి, మూడు లంకలకీ మూడు చక్రాలు వేశాడు. జ్వరపడ్డవాళ్ళ వాటా బొగ్గుపొడితో నింపాడు. చినలంక చక్రం సగం నలుపు. నడిమిలంకది పావు. పెదలంకది జానెడు చీలిక.

“అయ్యో, మీ ఊరు సగం పడిపోయిందే!” అని డాక్టరు చినలంకలోనే దిగిపోయాడు. చినలంకలో ఉన్నదే నలభై మంది. పెదలంకలో రెండు వేలు; ఆ జానెడు చీలికలోనే రెండు వందల మంది. ఆ సంగతి రాఘవులుకు తెలుసు. అడగని నిజం చెప్పకపోవడం తప్పు కాదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

చినలంకలో ఇరవై మందీ లేచి తిరిగారు. ఏటికి అవతల పెదలంక మీద చితుల పొగ మాత్రం పగలంతా ఆగడం లేదు. తొమ్మిదోనాడు మిట్టమధ్యాహ్నం, ఆ ముగ్గు చెరిపేద్దామని రాఘవులు ఒక్కడే కళ్ళానికి వెళ్ళాడు. గాలి లేదు. ఎక్కడా కాకి కూత లేదు. పెదలంక చీలిక మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలికి చోటు లేదు. ఎవరిదో భుజం తగిలింది. మెడ వెనక ఎవరిదో వేడి ఊపిరి. కంటికి ఎవరూ కనబడరు. ఒంటికి మాత్రం ఇటూ అటూ ఎముకలు ఒరుసుకుంటున్నాయి.

“కాస్త జరగండమ్మా” అన్నాడు.

“ఎక్కడికి జరగమంటావు నాయనా?” అంది చెవి పక్కనే ఒక ముసలి గొంతు. అందులో కోపం ఏమీ లేదు. “నువ్విచ్చిన చోటు ఇంతే కదా.”

పొద్దు వాలాక జనం వెతుక్కుంటూ వస్తే, ఖాళీ కళ్ళం నడుమ భుజాలు ముడుచుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

సుందరేశం లేచి గోడ మీది పటం దింపాడు. “తర్వాత ఆయన ఏమయ్యాడు స్వామీ?”

“పదకొండేళ్ళు బతికాడు” అన్నారు స్వామి. “అంత పెద్ద ఇంట్లో ఒక్కనాడూ నడుం వాల్చలేదు. మూలకు ఒదిగి నిలబడే నిద్రపోయేవాడు, ‘జరిగాను, ఇంకా జరిగాను’ అని గొణుక్కుంటూ.”