పచ్చబడ్డ పనీరు

తణుకులో సుభద్రమ్మ అనే ఆవిడ ఉండేది, తన వంటకి ఎవరు వంక పెట్టినా ఒప్పుకోకుండా ఠక్కున ఏదో ఒక సాకు చెప్పేసేది. పప్పు మాడితే "కమ్మటి వాసన రావాలనే మాడ్చాను" అనేది. అన్నం ముద్దయితే "తొందరగా అరుగుతుంది" అనేది. జున్ను వండటంలో మాత్రం నిజంగానే ఆవిడకి సాటి లేదు. ఆ వీధిలో ఎవరి గేదె ఈనినా జున్నుపాలు ముందు ఆవిడ ఇంటికే వచ్చేవి. ఆ పేరు కాస్తా తలకెక్కి కూర్చుంది.

కోడలు హైమ బ్యాంకులో పని చేసేది. మనవరాలు లాస్యకి ఆరేళ్లు, పనీరు కూరంటే ప్రాణం. వేసవి సెలవుల్లో ఒకరోజు హైమ పనీరు తెచ్చి సగం వండి, మిగతా సగం ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ సాయంత్రమే గాలివానకి కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. ఆఫీసుకి బయల్దేరబోతూ హైమ గిన్నె మూత తీసి ముక్కు మూసుకుంది.

"అత్తయ్యగారూ, పనీరు పాడైందండీ. నిన్న తెల్లగా ఉన్నది ఇవాళ పచ్చబడింది చూడండి."

"పచ్చబడితే ఏమైంది? మొదటి పూట జున్ను పచ్చగా ఉండదూ? పాలు చిక్కగా ఉన్నాయన్నమాట!"

"జున్నుపాలకి ఆ రంగు ఉంటుంది గానీ, పనీరు మామూలు పాలతో చేసేది కదండీ. తెల్లగానే ఉండాలి. వేలితో ముట్టుకోండి, జిగురు సాగుతోంది."

"అది వెన్న తల్లీ, వెన్న."

"పుల్లటి కంపు కొడుతోందండీ!"

"నిమ్మకాయ పిండి విరగ్గొట్టింది పుల్లగా కాక తియ్యగా ఉంటుందేంటి?"

హైమ గడియారం చూసుకుంది. "మీకు దణ్ణం పెడతాను, పారేయండి" అని చెప్పి పరుగెత్తింది.

విన్నారా! రంగు మారింది, జిగురు పట్టింది, కంపు కొట్టింది. ఇందులో ఒక్కటి కనబడినా చెత్తబుట్టలో వేయాల్సిందే. మూడూ కళ్లముందు పెట్టుకుని ఎవరైనా వండుతారా? సుభద్రమ్మ వండింది! నిన్నగాక మొన్న వచ్చిన కోడలు తనకి పాల సంగతి చెప్పడమేమిటని రోషం ఆవిడకి. కుళాయి కింద పెట్టి ఆ జిగురంతా కడిగేసింది. ముక్కలు నూనెలో ఎర్రగా వేయించింది. వాసన తెలియకుండా మసాలా రెండింతలు దట్టించింది. తనకి సోమవారం ఉపవాసం, కాబట్టి రుచి కూడా చూడలేదు.

లాస్య మొదటి ముద్దకే మొహం అదోలా పెట్టింది.

"బ్రహ్మాండంగా ఉంది కదూ బంగారం? నానమ్మ చేసిందంటే మాటలా! తిను, తిను" అంది సుభద్రమ్మ.

పాప కంచం ఖాళీ చేసింది.

సాయంత్రానికి మొదలయ్యాయి వాంతులు. పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోయింది పాప. కాసేపటికి చేతులు చల్లబడ్డాయి, పిలిస్తే పలకలేదు. సుభద్రమ్మ హైమకి ఫోన్ చేసి, పాపని ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తింది.

"మధ్యాహ్నం పాప ఏం తిందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

పాప ప్రాణాల మీదికి వచ్చిందా, అయినా ఆ నోటికి అలవాటు పోలేదు! "ఎండలో ఆడిందండీ. వడదెబ్బ తగిలి ఉంటుంది" అనేసింది సుభద్రమ్మ.

అంతలో హైమ రొప్పుతూ వచ్చింది. మంచం మీద పాపని చూసి కొయ్యబారిపోయింది. మెల్లగా అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యగారూ, ఆ పనీరు పారేశారు కదా?"

సుభద్రమ్మ నోరు తెరిచింది. ఈసారి ఏ సాకూ రాలేదు. "లేదమ్మా" అంది. "వండి పెట్టేశాను. నువ్వు చెబుతూనే ఉన్నావు, నేనే వినలేదు."

హైమ మంచం దగ్గరికి పరుగెత్తి పాప చెయ్యి పట్టుకుంది.

"పాడైనదాన్ని వేయిస్తే విషం పోతుందనుకున్నారా?" అని డాక్టరమ్మ మండిపడింది. "పైగా నేనడిగితే ఎండ అంటారా? మీ మాట నమ్మి వేరే వైద్యం చేస్తే ఈ పిల్ల ఏమయ్యేది?" అంటూనే గబగబా సెలైన్ పెట్టించింది, మందులు ఇచ్చింది. ఆ రాత్రంతా అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తెల్లారాక లాస్య కళ్లు తెరిచింది. సుభద్రమ్మ ఏడుస్తూ పాప తల నిమిరింది. "పిచ్చితల్లీ, అంత పుల్లగా ఉంటే ఊసెయ్యలేకపోయావా?"

"ఊసేద్దామనుకున్నా నానమ్మా" అంది పాప నీరసంగా. "నువ్వు బాగుందన్నావుగా. నా నోరే బాగోలేదేమో అనుకున్నా."

సుభద్రమ్మ పాప మంచం పట్టె మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

కళ్లకి కనబడుతున్న తప్పుని సాకులతో కప్పితే తప్పు ఒప్పైపోదు, మనల్ని నమ్మినవాళ్లు దానికి బలైపోతారు.