మేకపోతు మోసుకొచ్చిన కబురు

ఒకప్పుడు మేకపోతుకు కంపు ఉండేది కాదు. మేకలకు ఈనే కాలం అంటూ కూడా ఉండేది కాదు. ఒకటి జోరువానలో ఈనేది, ఇంకొకటి నడి ఎండాకాలంలో ఈనేది. ఎవరిష్టం వాళ్లది!

ఆ రోజుల్లో ఒక రాళ్లగుట్ట కింద కొమురవ్వ అనే ముసలామె ఇరవై మేకలను కాసేది. ఆ మందలో చుక్క అనే మేకంటే ఆమెకు ప్రాణం. ఆ ఏడు కూడా చుక్క మండుటెండల్లోనే ఈనింది. గుట్ట మీద ఆకు లేదు, పొదుగులో పాలు లేవు. మూడోనాటికి పిల్ల కన్ను మూసింది. చుక్కకు పిల్ల పోవడం అది రెండోసారి.

“ఆకు లేని దినాల్ల ఎందుకు ఈనుతవే నా తల్లీ?” అని కొమురవ్వ దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

“పిల్ల కడుపుల ఐదు నెలలుంటదవ్వా. ఐదు నెలలకు ఆకు ఉంటదో లేదో ఇప్పుడే నాకెట్ల ఎరుక?” అంది చుక్క.

అదీ నిజమే. కొమురవ్వ గుట్టెక్కి పడమటి గాలిని వానల జాడ అడిగింది.

“వాన ఎప్పుడొస్తదో నాకెరుకే,” అంది గాలి. “కానీ నా కబురు వాసనల ఉంటది. నేను ఒక్క తావున నిలవను. బొచ్చున్నోడెవడన్న రెండు నెలలు నా ఎంబడి తిరిగితే, వాని ఒంటికి పట్టించి పంపుత.”

పాలిచ్చే మేకలు పోలేవు. మందలో పనీపాటా లేకుండా బండలను కుమ్ముతూ తిరిగేవాడు ఒక్కడే, గడ్డపోడు అనే మేకపోతు. వాడికి తన ఒంటి శుభ్రమంటే మహా మురిపెం.

“నేనా? నా గడ్డం కంపు కొడితే ఎట్ల?” అని మొరాయించాడు.

“కొట్టనీ! పిల్లలు సస్తుంటే నీకు గడ్డం సోకేందిరా?” అని కొమురవ్వ కసిరింది. గడ్డపోడు సిగ్గుపడి గాలి వెంట వెళ్ళాడు.

మృగశిర కార్తెలో తిరిగొచ్చాడు. అబ్బో, ఆ కంపు! తడిమన్ను, చెమట, పచ్చి ఆకు కలిసి పులిసినట్టుంది. కొమురవ్వ కొంగుతో ముక్కు మూసుకుంది. మేకలు మాత్రం మేత ఆపి తలలెత్తాయి. ఇదే అదను అన్న గాలి కబురు వాటికి అందింది. పది పన్నెండు రోజుల్లోనే అన్నీ ఎదకొచ్చి చూడి కట్టాయి. కార్తీకంలో, గుట్టంతా పచ్చగా ఉండగా, వరసగా ఈనాయి. చుక్క పిల్ల కడుపునిండా పాలు తాగి బండల మీద గెంతింది.

కొమురవ్వ సంబరం పట్టలేకపోయింది. “వచ్చిన పది దినాలకే ఇంత మేలైతే, ఏడాదంత మందల ఉంటే ఇంకెంత మేలో!” అనుకుని గడ్డపోడిని ఎక్కడికీ పోనివ్వలేదు. మంచి మేతంతా వాడికే పెట్టింది.

మరుసటి ఏడు మేకలు మళ్ళీ తలా ఒక నెలలో ఈనాయి. చుక్క ఎండల్లోనే ఈనింది. దాని పిల్ల లేవలేక తల్లి కాళ్ల దగ్గరే పడి ఉంది.

“గాలి మాట తప్పిందా ఏంది?” అంది కొమురవ్వ.

“లేదవ్వా. పొద్దుమాపు పక్కనే ఉంటే ఆ వాసన మాకు దొడ్డి వాసన లెక్కనే అయింది. ఇగ కబురెక్కడ అందుతది?” అంది చుక్క.

సాయంత్రానికి ఆ పిల్ల కూడా పోయింది. ప్రేమకొద్దీ తానే తప్పు చేశానని కొమురవ్వ కుమిలిపోయింది. తర్వాత గడ్డపోడిని గుట్ట అవతలికి తీసుకెళ్ళి కట్టేసింది.

“నేనేం తప్పు చేసిననవ్వా?” అని వాడు అరిచాడు.

“నువ్వేం చెయ్యలే బిడ్డా. వాళ్లు నిన్ను మరవాలె. మరిస్తెనే నువ్వొచ్చింది తెలుస్తది,” అంది కొమురవ్వ. గుండె పీకుతున్నా వెనక్కి చూడకుండా దిగొచ్చింది.

తొలి వానకు వాడిని విప్పి మందలోకి వదిలింది. ఆ కార్తీకంలో చుక్క రెండు పిల్లలను ఈనింది. రెండూ బతికాయి.

అప్పటినుంచే మేకపోతు కంపు కొడుతుంది. కొన్నాళ్లు దూరంగా ఉంచి మళ్ళీ మందలోకి వదిలితే, మేకలన్నీ ఇంచుమించు ఒకేసారి ఎదకొస్తాయి, పిల్లలన్నీ కొద్ది రోజుల తేడాలోనే పుడతాయి. పోతు దగ్గరికొస్తే మనం ముక్కు మూసుకుంటాం. మేకలు మూసుకోవు.