వెళ్ళేముందు

చయనులుగారు ప్రశ్నకు సమాధానం చెప్పే మనిషి కారు. అడిగినదంతా విని, ఎప్పుడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అది తెలిసి కూడా వినీల ఆ సాయంత్రం భీమిలిలో ఉపనిషత్తు పాఠం ముగిశాక, మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగింది. ఆమె భర్త పోయి ఏడాది తిరగలేదు. ఏ దేశంలో కూర్చుని చేసినా పని జరిగితే చాలని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు.

"రెండు దేశాలు చూశాను గురువుగారూ. ఒకటి ఏడాదికి వీసా ఇస్తుంది, తర్వాత పొడిగించుకోవాలి. రెండోది ఐదేళ్ళకిస్తుంది గానీ మధ్యమధ్య బయటికి వెళ్ళి రావాలి. ఏది తీసుకోమంటారు?"

ఆయన భానుమూర్తి సంగతి ఎత్తుకున్నారు.

భానుమూర్తి ఆమెకన్నా ముందు ఆయన దగ్గర చదువుకున్నవాడు. భార్య పోయిన కొద్ది నెలలకే అలాంటి వీసా మీద పోర్చుగల్ వెళ్ళి, సముద్రం పక్కన చిన్న ఊళ్ళో గది తీసుకున్నాడు. అక్కడ అతని పేరు తెలిసినవాళ్ళు లేరు. అయ్యో అని చెయ్యి పట్టుకునేవాళ్ళు అసలే లేరు. అదే హాయనుకున్నాడు. పొద్దంతా పని, పనయ్యాక నిద్ర. ఎదురింటి ముసలి దంపతులు మెట్లమీద తారసపడితే తల ఊపేవాడు, అంతే.

ఒకనాటి ఉదయం ఆ ముసలామె అతని తలుపు దబదబా బాదింది. ఆమె మాట అతనికి రాదు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. లోపల ఆమె భర్త కుర్చీలోనే ప్రాణం విడిచి ఉన్నాడు. బంధువులు వచ్చేదాకా తోడుందామని భానుమూర్తి పక్కన కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఉన్నట్టుండి తన భార్యను పేరు పెట్టి పిలుస్తూ బావురుమన్నాడు. ఆ తల్లి తన ఏడుపు దిగమింగుకుని, అతనికి మంచినీళ్ళు తాగించి, వీపు నిమురుతూ కూర్చుంది. వచ్చిన బంధువులు, పోయినాయనకు ఇతనేమవుతాడో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయారు.

"తర్వాత తిరిగొచ్చేశాడా?" అంది వినీల.

"లేదు. వీసా పొడిగించుకున్నాడు. ఆ పూట ఆవిణ్ణి ఏడవనివ్వలేదని, ఆవిడ మొహం చూడలేకపోతున్నానని ఫోన్లో అంటుంటాడు."

"మరి నన్నేం చేయమంటారు?"

ఆఫీసు పని మాట్లాడినంత నిబ్బరంగా అడిగింది. చయనులుగారు పుస్తకానికి గుడ్డ చుట్టి లేచారు.

"ఏ వీసా అయినా తీసుకో తల్లీ. ఏడ్చి వెళ్ళు."