దాపటి చోటు

కథల్లో ఎద్దు ఓర్పు గలది, నక్క జిత్తులమారి, కోడిపెట్ట పిరికిది. ఈ కథలోనూ అంతే. మార్చే ఓపిక నాకు లేదు. ఆ ఎద్దుకు అసలే లేదు.

గురవయ్య చేలో ఒక పశువుల పాక ఉంది. తాటాకు కప్పు, మట్టి గోడలు, ఒక చెక్క తలుపు, తలుపుకు ఎదురుగా గోడ వారన మేత వేసే గాడి. ఆ పాకలో రెండు ఎద్దులు ఉండేవి. ఒకడు బూడిదన్న, ఇంకొకడు మచ్చన్న. నాగలి కట్టినా బండి కట్టినా కాడికి ఎడమ పక్క మచ్చన్న, కుడి పక్క బూడిదన్న. ఎడమ పక్క కట్టేవాణ్ణి దాపటెద్దు అంటారు, కుడి పక్కవాణ్ణి వలపటెద్దు అంటారు. ఒకసారి అలవాటు పడ్డాక ఎద్దులు పక్కలు మార్చుకోవు. పొరపాటున మార్చి కడితే చాలు తెగ గింజుకుంటాయి. అందుకని పదకొండేళ్లూ బూడిదన్నకు ఎడమ పక్కనే మచ్చన్న. దుక్కిలోనూ అంతే, గాడి దగ్గరా అంతే, పడుకున్నప్పుడూ అంతే.

ఉగాది వెళ్లిన వారానికి మచ్చన్నకు గొంతు వాచింది. మూడో రోజుకు పోయాడు. గురవయ్య చేను చివర తుమ్మచెట్టు కింద లోతుగా గొయ్యి తీయించి, రెండు బస్తాల ఉప్పు పోసి పూడ్చాడు. తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి బూడిదన్న గాడిలో కుడి సగమే తిన్నాడు. ఎడమ సగం ముట్టుకోలేదు. గురవయ్య బుజ్జగించి చూశాడు, కసురుకుని చూశాడు, చివరికి వదిలేశాడు. మెడకు పలుపుతాడు కట్టడం కూడా మానేశాడు. ఈ ఎద్దు ఎక్కడికీ పోదని ఆయనకు తెలుసు. బూడిదన్న పగలంతా తలుపుకు ఆనుకుని పడుకునేవాడు. మచ్చన్నను ఆ తలుపులోంచే తీసుకెళ్లారు మరి.

దీనివల్ల లాభపడింది చుక్కమ్మ. చుక్కమ్మ అంటే చుక్కల కోడిపెట్ట. ఎండ ముదిరే వేళకు తన ఏడుగురు పిల్లల్నీ వెంటేసుకుని పాకలోకి చేరేది. ఆ తలుపు వెనక అంత బరువు వాలి ఉంటే ఏ నక్కా తోసుకుని రాలేదు.

ఒక రోజు ముసలి కాకమ్మ వచ్చి దూలం మీద వాలింది.

"పెద్దమ్మా, ఒక మాట అడగనా?" అన్నాడు బూడిదన్న.

"అడుగు. చావు గురించే కదా. నన్ను ఇంకో మాట అడిగినవాళ్లు లేరు."

"పోయినేడు గురవయ్య వాళ్లమ్మ పోతే కాలవ గట్టున పిండం పెట్టారు. నువ్వు వచ్చి ముట్టావు. ముసలావిడ తృప్తి పడిందని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నిజంగా ఆవిడ వచ్చిందా?"

"ఆకలేసింది. తిన్నాను."

"మరి వాళ్ల బాబాయి దినం నాడు ఎంత పిలిచినా నువ్వు రాలేదు. ఆయనకేదో కోరిక మిగిలిపోయిందని ఇంటిల్లిపాదీ ఏడ్చారు."

"ఆ రోజు పక్కూళ్లో పెళ్లి. కడుపులో చోటు లేదు."

బూడిదన్న తోకతో ఈగల్ని తోలుకున్నాడు.

"అయితే అటు పక్కన ఏమీ లేదంటావా?"

"లేదనలేదు. నేను చూడలేదన్నాను. ఇన్నేళ్లలో ఇన్ని పిండాలు ముట్టానా, ఒక్కరంటే ఒక్కరు వచ్చి నా పక్కన కూర్చుని ఒక్క మెతుకు తినలేదు."

"చూశానని చెప్పొచ్చుగా పెద్దమ్మా. నాకు కాస్త కునుకన్నా పట్టేది."

"అలా చెప్పేవాళ్లు వస్తార్లే, తొందరపడకు" అని కాకమ్మ ఎగిరిపోయింది.

ఎక్కువ రోజులు పట్టలేదు, వచ్చాడు.

నక్కబావ మొదట తుమ్మచెట్టు కింద గోకి చూశాడు. ఉప్పు తగిలి మూతి మండింది. ఆ దారి మూసుకుపోయాక అతని కన్ను చుక్కమ్మ పిల్లల మీద పడింది. గాడి వెనక మట్టిగోడకు ఒక కన్నం ఉంది. తల కూడా దూరనంత కన్నం. దానికి కన్ను ఆనించి రెండు రోజులు లోపలికి చూస్తూ కూర్చున్నాడు. ఎద్దు గాడిలో ఒక సగం వదిలేయడం చూశాడు. ఎద్దు తలుపు దగ్గర కళ్లు మూసుకోగానే కోడిపిల్లలు ఆ సగంలోకి దూకి ఉలవలు ఏరుకు తినడమూ చూశాడు. మూడో రోజు నోరు విప్పాడు.

"బావా! బూడిదన్న బావా! నువ్వు వదిలేసిన మేత ఎప్పుడన్నా చూశావా?"

"చూడను. చూస్తే వేసింది వేసినట్టే ఉంటుంది."

"లేచి ఒకసారి చూడరాదూ."

బూడిదన్న బరువుగా లేచి వచ్చి చూశాడు. గడ్డి అలాగే ఉంది. ఉలవలు మాత్రం లేవు.

"ఎవరు తిన్నారంటావు?" అన్నాడు నక్కబావ, గొంతు తగ్గించి.

చుక్కమ్మ నోరు తెరవబోయింది. అంతలో బూడిదన్న చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇన్ని రోజుల్లో మొదటిసారి అతని మొహంలో నవ్వులాంటిది కనబడింది. చుక్కమ్మ నోరు మూసుకుంది.

"మరి గడ్డి ఎందుకు తినలేదు?" అన్నాడు బూడిదన్న.

"అక్కడ గడ్డికేం కొదవ బావా? మోకాలెత్తు పచ్చిక. ఉలవలే దొరకవు."

"నిజమే. మచ్చన్నకు ఉలవలంటే ప్రాణం."

"నిన్న తుమ్మచెట్టు దగ్గర కనబడ్డాడు. బూడిదన్న తింటున్నాడా అని అడిగాడు. నాకే గుండె తరుక్కుపోయిందనుకో. రేపు మిట్టమధ్యాహ్నం వస్తానన్నాడు. పోయినవాళ్లు తిరిగే వేళ అదే కదా. కానీ నువ్వు తలుపుకు అడ్డంగా పడుకుంటే ఎలా వస్తాడు? గడియ తీసి పెట్టు. గాడి వైపు తిరిగి కళ్లు మూసుకుని నిలబడు. మనం చూస్తే వాళ్లు ఉండరు."

"ప్రాణం పోయినవాడికి తలుపు అడ్డమా నక్కబావా?"

"ఎంతైనా ఎద్దు కదా బావా. బతికుండగా గోడల్లోంచి వచ్చేవాడా ఏమిటి?"

ఆ మాటలో పస లేదని బూడిదన్నకు తెలుసు. తెలిసీ ఎదురు చెప్పలేదు. అనుమానించడానికి కూడా కాస్త సత్తువ కావాలి. సగం మేత మీద బతుకుతున్నవాడికి అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

నక్కబావ వెళ్లిపోగానే చుక్కమ్మ గాడి మీదికి ఎగిరి కూర్చుంది.

"అన్నా, ఉలవలు తిన్నది నా పిల్లలు."

"మరి ఇందాకే చెప్పలేదేం?"

"నువ్వు నవ్వావు. చెప్పడానికి నోరు రాలేదు."

"ఇప్పుడు భయంతో అంటున్నావు."

"భయంతోనే అంటున్నాను. భయంతో అన్నంత మాత్రాన అబద్ధమైపోతుందా? ఆ నక్క దేనికోసం తలుపు తీయమంటున్నాడో నీకు తెలియదా?"

"తెలుసు చెల్లీ. కానీ ఒక్కసారి. వాడు వచ్చి ఒక్కసారి నా పక్కన నిలబడితే చాలు."

"రాకపోతే?"

"రాకపోతే ఇక రాడని తెలుస్తుంది. ఈ ఎదురుచూపన్నా తప్పుతుంది."

"నీకు అది తెలిసేసరికి నా పిల్లలు ఉండరన్నా."

బూడిదన్న తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు చేస్తున్నవాడు అది తప్పని తెలిసినప్పుడు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు.

మర్నాడు పొద్దు నడినెత్తికి వచ్చింది. గురవయ్య భోజనానికి ఇంటికెళ్లాడు. బయట ఎండకు చేలల్లో ఒక్క మనిషి లేడు. పిల్లల్ని తీసుకుని బయటికి పోదామంటే చెట్టు నీడ కూడా దగ్గర్లో లేదు, పైన గద్దలు తిరుగుతున్నాయి. చుక్కమ్మ పిల్లల్ని గాడి కిందికి తోసి, రెక్కలు పరిచి ముందు కూర్చుంది. బూడిదన్న కొమ్ముతో గడియ ఎత్తాడు. గాడి దగ్గరికి వచ్చాడు. అలవాటు చొప్పున కుడి పక్క గోడకు దగ్గరగా జరిగాడు. ఎడమ పక్క ఒక ఎద్దు పట్టేంత చోటు మిగిలింది. కళ్లు మూసుకున్నాడు.

తలుపు కిర్రుమంది.

"వచ్చాడా?" అన్నాడు బూడిదన్న.

"వచ్చాడు బావా, వచ్చాడు. కళ్లు తెరవకు." నక్కబావ తల లోపలికి వచ్చింది, ముందుకాళ్లు లోపలికి వచ్చాయి. అతని చూపు గాడి కిందే ఉంది.

"ఎటు పక్క నిలబడ్డాడు?"

పరీక్ష పెట్టాలని అడిగిన మాట కాదది. చోటు చాలుతుందో లేదో, ఇంకాస్త జరగాలేమో అని అడిగాడు.

నక్కబావ రెండు రోజులూ గాడి వెనక కన్నంలోంచి చూశాడు. ఎదురుగా నిలబడి చూసేవాడికి అవతలివాడి ఎడమ తన కుడిగా కనబడుతుంది. అదీకాక కాడి ఎలా ఉంటుందో, దాని కింద ఎవరు ఎటు నడుస్తారో అతనికేం తెలుసు?

"నీ కుడి పక్కన బావా. నీ కుడి భుజానికి ఆనుకుని నిలబడ్డాడు. నిన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు పాపం."

బూడిదన్న కళ్లు తెరిచాడు. కుడి పక్కన గోడ ఉంది. ఎడమ పక్కన నిన్నటి ఖాళీయే ఉంది.

అతనికి కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. వెనక్కి నాలుగడుగులు వేసి, రోజూ వాలినట్టే తలుపు మీద వాలాడు. నక్కబావ సగం లోపల, సగం బయట, నడుం దగ్గర ఇరుక్కుపోయాడు.

"బావా! చస్తాను బావా!"

"చస్తే నీకే తెలుస్తుంది కదా. వచ్చి నాకు చెబుదువుగాని."

"పొరపాటైపోయింది బావా! ఎడమ పక్కన! ఎడమ పక్కన నిలబడ్డాడు, నేనే సరిగా చూడలేదు!"

"వాడు నా ఎడమ పక్కన పదకొండేళ్లు నడిచాడు. ఎండలో నడిచాడు, బురదలో నడిచాడు. నిజంగా చూసినవాడు పక్క మార్చి చెప్పడు." బూడిదన్న ఇంకొంచెం వాలాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "పోనీ, ఇప్పుడన్నా నిజం చెప్పు. ఎక్కడన్నా ఎప్పుడన్నా పోయినవాళ్లని చూశావా? ఒక్కసారైనా? నీడలా అయినా సరే?"

గాడి కింద నుంచి చుక్కమ్మ తల బయటికి పెట్టి చూసింది. ఇంత జరిగాక కూడా ఈ ఎద్దు అడుగుతున్నది ఆ మాటే.

నక్కబావ కాసేపు రొప్పాడు. "లేదు బావా. మా అమ్మ పోయినప్పుడు బొరియ ముందు తొమ్మిది రోజులు కూర్చున్నాను. తిండి లేదు, వేట లేదు. వస్తుందనే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పదో రోజు లేచి ఒక ఎలకను పట్టుకుని తిన్నాను."

అది నిజమో, ప్రాణభయంతో అల్లిన మాటో బూడిదన్నకు తెలియలేదు. నాకూ తెలియదు. కానీ ఆ తొమ్మిది రోజులు అన్న మాటకు అతను కొంచెం ముందుకు జరిగాడు. ఆ సందు చాలు నక్కకు. నడుం మీది వెంట్రుకలు గుప్పెడు తలుపు సందులోనే వదిలేసి చేలకడ్డంపడి పారిపోయాడు. ఆ తర్వాత ఆ పాక ఛాయలకు రాలేదు.

బూడిదన్న కొమ్ముతో గడియ వేసి, మళ్లీ దానికి ఆనుకుని పడుకున్నాడు.

చల్లపూట కాకమ్మ వచ్చింది. "చెప్పేవాడు వచ్చాడా?"

"వచ్చాడు. కుడి పక్కన ఉన్నాడన్నాడు."

కాకమ్మ తల పక్కకు తిప్పుకుంది. "అయ్యో" అంది. కాసేపు ఊరికే అతని దగ్గర కూర్చుంది.

ఆ సాయంత్రం గురవయ్య గాడి నిండా గడ్డి వేసి, మీద తవుడు కలిపిన ఉలవలు పోసి వెళ్లాడు. బూడిదన్న లేచి తన కుడి సగం తినడం మొదలుపెట్టాడు. ఇవాళ మాత్రం చివరి ఉలవ దాకా తిన్నాడు. కోడిపిల్లలు ఒక మూల ముడుచుకుని కూర్చుని అతను ఎప్పుడు నిద్రపోతాడా అని చూస్తున్నాయి.

"రండిరా. నేను కళ్లు మూసుకునేదాకా ఆగక్కర్లేదు. ఎదురుగానే తినండి."

చుక్కమ్మకు మొహం చెల్లలేదు. "వద్దన్నా. అది మచ్చన్న చోటు."

"వాడి చోటే. తిననివ్వు." బూడిదన్న ఎడమ పక్కకు ఒకసారి చూసి మళ్లీ గాడి మీదికి వంగాడు. "వాడు వస్తే అప్పుడు జరుగుదురుగాని."

పోయినవాళ్లు ఉన్నారో లేరో మనకు తెలియకపోయినా, మన పక్కన వాళ్ల చోటు ఏదో మరిచిపోనంతవరకు వాళ్ల పేరు చెప్పి మనల్ని ఎవరూ మోసం చేయలేరు.