సోమరి పోగులో పడిన నక్క

ఒక దొడ్డిలో పాలు, గుడ్లు అమ్మే వ్యాపారానికి గంగన్న అనే ఎద్దు పెద్ద. మేత ఖర్చు పెరిగిపోతోందని దానికి ఒకటే దిగులు. ఆ దిగులు పసిగట్టి ఒక నక్క కంచె దాటి వచ్చింది. ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు చెయ్యడం లేదో చూసి రిపోర్టు ఇస్తానంది. కొన్నాళ్లు పగటిపూట చావిడి నీడలో కూర్చుని అందరినీ గమనించింది.

ఆ రిపోర్టు చెప్పే రోజు రానే వచ్చింది. అందరూ రావాలన్నారు కాబట్టి చుక్కమ్మ అనే కోడిపెట్ట గంపలో గుడ్లు వదిలేసి లేచి వచ్చింది. అవి చల్లబడితే లోపలి పిల్లలు దక్కవు. దాని ప్రాణమంతా అక్కడే ఉంది.

నక్క నేలమీద గులకరాళ్లు పరిచింది.

"ఒక్కొక్కరికి ఒక్కో రాయి. ఎన్ని పాలు, గుడ్లు ఇస్తే రాయిని అంత పైకి జరిపాను. ఎంత తిరిగి పనిచేస్తే అంత కుడికి. దగ్గరదగ్గరగా పడ్డ రాళ్ల చుట్టూ గీత గీశాను. వీటిని క్లస్టర్లు అంటారు. పైనున్నది లాభాల పోగు. కుడివైపుది కష్టజీవుల పోగు. ఈ మూలనున్నది సోమరుల పోగు. దీన్ని కంచె బయటికి పంపేస్తే మీ ఖర్చు తగ్గిపోతుంది."

మూలనున్న పోగులో చుక్కమ్మ రాయి ఉంది. దాని పక్కనే కాపలాకుక్క కర్రెన్న రాయి.

"నేను సోమరినా?" అంది చుక్కమ్మ.

"నా మాట కాదు పెట్టమ్మా, లెక్క మాట. గుడ్డు పెట్టడం మానేశావు. కూర్చున్న చోటు నుంచి కదలవు."

"పొదుగుతున్నాను కాబట్టి కదలను. పొదిగే పెట్ట గుడ్డు పెట్టదు. గంగన్నా, ముందుముందు నీకు గుడ్లు పెట్టబోయే పెట్టలన్నీ ఇప్పుడు నేను పొదిగే గుడ్లలోనే ఉన్నాయి. ఈ సంగతి నీకు తెలీదా?"

"తెలుసు చెల్లీ," అని నసిగింది ఎద్దు. "కానీ రిపోర్టులో అలా వచ్చింది కదా."

చుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది. "నా రాయి ఎవరి పక్కన పడిందో, లెక్కలో వచ్చింది అంతవరకే అన్నా. సోమరినని రాలేదు. ఆ పేరు ఈయన పెట్టాడు."

కర్రెన్న ఆవులించింది. "నేను రాత్రంతా కాపలా కాస్తాను. ఈయన పగలే చూశాడు. పగలు చూస్తే పడుకునే కనిపిస్తాను మరి."

తమ ఇద్దరినీ పంపేస్తే దొడ్డికి కుక్క ఉండదు. కంచె అవతల దిక్కులేని కోడి ఉంటుంది. ఇది ఎవరికి లాభమో చుక్కమ్మకు అప్పుడు తట్టింది. అరిస్తే కోపిష్టిదని కొట్టిపారేస్తారని కోపాన్ని దిగమింగుకుంది.

"నక్కబావా, నాకు తెలీక అడుగుతున్నాను. ఒక గీతలో పడ్డవాళ్లందరిదీ ఒకే గుణమా? ఎందుకలా ఉన్నారని విడిగా అడగక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే వ్యాపారం సాగినట్టే. లెక్కకు మొహమాటాలు ఉండవు."

"అందరూ విన్నారుగా." చుక్కమ్మ మరో గులకరాయిని ముక్కుతో ముందుకు తోసింది. "ఇది నీ రాయి. వచ్చిన దగ్గర్నుంచి చుక్క పాలిచ్చావా?"

"నేనా? లేదు."

"పోనీ గుడ్డు?"

వెనకాల ఆవులు కిసుక్కుమన్నాయి.

"ఆ నీడలోంచి లేచావా?" అంటూ చుక్కమ్మ ఆ రాయిని తీసుకెళ్లి సరిగ్గా తన రాయికీ, కర్రెన్న రాయికీ మధ్యన పెట్టింది.

నక్క ముఖం మాడిపోయింది. "నా సంగతి వేరు. నేను కూర్చున్నది పని మీద. ఆ పని పైకి కనపడదు. ఎందుకు కూర్చున్నానో అడిగి తెలుసుకోవాలి."

"ఇందాకట్నుంచి నేను మొత్తుకుంటున్నది అదేగా," అంది చుక్కమ్మ.

గంగన్న సిగ్గుతో గిట్టతో గీతలు చెరిపెయ్యబోయింది.

"అప్పుడే చెరపకు అన్నా. ఆయన రిపోర్టు ముందు ఆయనకు అమలు చెయ్యి."

గంగన్న కుక్క వైపు తిరిగింది. "కర్రెన్నా, నీ పనేంటో ఈయనకు పగలే ఒకసారి చూపించు."

కర్రెన్న లేచింది. నక్క తన రాళ్లూ గీతలూ తొక్కుకుంటూ పరుగు తీసింది.

"పొరపాటైంది చెల్లీ," అంది ఎద్దు.

"నీతో తర్వాత మాట్లాడతాను," అని చుక్కమ్మ గంప దగ్గరికి ఉరికింది. గుడ్లలో వెచ్చదనం ఇంకా మిగిలే ఉంది, దాని కోపం కూడా.

కంచె ముళ్లకు తోక బొచ్చు సగం వదిలేసి, నక్క ఖాళీ కడుపుతో పొదల్లో పడింది.

ఎవరు ఎవరికి దగ్గరో పోగు చెబుతుంది; ఎందుకో తెలియాలంటే, పేరు పెట్టేముందు ఆ పోగులో ఉన్నవాళ్లనే అడగాలి.