రాతిని వదలని నాచు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో కాసులమ్మ, ఆమె కోడలు నూకరత్నం ఉండేవాళ్ళు. కాసులమ్మకు ఒక్కగానొక్క కొడుకు ఎల్లాజీ. చేపల వేటకు వెళ్ళి తుపానులో చిక్కుకున్నాడు బంగారూ, మళ్ళీ రాలేదు.

అప్పుడు కాసులమ్మ ఒట్టు పెట్టుకుంది. బిడ్డను మింగిన సముద్రం పెట్టేది ఏదీ నోట పెట్టనంది. చేప మానేసింది. చివరికి ఉప్పు కూడా మానేసింది, అదీ సముద్రానిదేగా మరి. ఉప్పు లేని కూడు ఎన్నాళ్ళని గొంతు దిగుతుంది? మనిషి పుల్లలా అయిపోయింది.

నూకరత్నానికి భయం పట్టుకుంది. మొగుడు పోయాడు, ఈవిడా పోతే ఆ ఇంట్లో తను ఎవరి మొహం చూసి బతకాలి?

మొదట చేపల పులుసు పెట్టింది. అత్త మొహం తిప్పుకుంది. ఆ తర్వాత జావలో చిటికెడు ఉప్పు తెలీకుండా కలిపింది. కాసులమ్మ కనిపెట్టేసి ముంత నేలకేసి కొట్టింది, రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తప్పు కోడలిదే, అలా దొంగతనంగా పెట్టొచ్చా? నూకరత్నం సిగ్గుపడి ఏడ్చింది.

అప్పుడు పుట్టింట్లో కరువు రోజుల్లో తాగిన సముద్రపు నాచు జావ గుర్తొచ్చింది. సముద్రం వెనక్కి తగ్గిన పూట రాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు ముట్టుకోలేదు. రాతిని పట్టుకుని ఉన్నదాన్నే, మొదలు మిగిల్చి కోసింది. ఇసుక పోయేదాకా బావినీళ్ళతో ముమ్మారు కడిగింది. నూకలతో కలిపి ఉడికిస్తే జావ చిక్కగా, జిగురుగా వచ్చింది. వెల్లుల్లి, మిరియాలు దంచి వేసింది. ఉప్పు మాత్రం వెయ్యలేదు. ఆ నాచులోనే ఉప్పూ ఉంది, ఒంటికి పట్టే సత్తువా ఉంది.

ఈసారి ఏదీ దాచలేదు. ముంత అత్త ముందు పెట్టి చెప్పింది.

"ఇది సముద్రం పెట్టింది కాదత్తా. సముద్రం ఎంత లాగినా రాయిని వదలని నాచు. నేనే కోసుకొచ్చాను."

కాసులమ్మ ఆ జావ వంక చూసింది. "నా బిడ్డకు పట్టుకోడానికి ఒక్క రాయి దొరకలేదు గదే" అంది.

"నాకూ నువ్వు తప్ప ఎవరూ లేరత్తా" అంది నూకరత్నం.

అప్పుడు ఆ ముసలితల్లి ఏడుస్తూనే ఒక గుక్క తాగింది. ఆ తర్వాత ఇంకో గుక్క. మూడో గుక్క తాగబోతూ ఆగి, కొడుకు పోయాక మొదటిసారి కోడలి మొహం తేరిపార చూసింది. ఆ పిల్లకూ బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

ముంత ఆమె చేతిలో పెట్టి, "నువ్వు తిన్నావేటే?" అని అడిగింది.

కథేమో కంచికి, కునుకేమో కంటికి. పడుకో బంగారూ.